నీళ్లు అనే మాట

మా బృందంలో నిజంగా నొప్పి పుట్టినవాడు దేవుణ్ణి పిలవడానికి వీల్లేదు. పిలిస్తే ఎవరూ ఆగరు. ప్రదర్శనలో అందరూ పిలిచేది దేవుణ్ణే కదా.

మాది కుస్తీ సువార్త. ఒక వ్యాను, నాలుగు పరుపులు, రెండు సౌండు బాక్సులు, అయిదుగురం మనుషులం, మా రెండేళ్ల పాప. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ చర్చివాళ్లు పిలిస్తే అక్కడికి వెళ్లేవాళ్లం. పరుపులు పరిచి, చుట్టూ తాడు కట్టి కుస్తీ పట్టేవాళ్లు. మా ఆయన దారి తప్పిన మనిషి వేషం. నల్లబట్టలు వేసుకున్న ఇంకొకాయన పాపం వేషం. పాపం మా ఆయనను ఎత్తి పడేస్తుంది. పడ్డవాడు "ప్రభువా, రక్షించు" అని అరుస్తాడు. ఆ ఊరి చర్చి అయ్యగారు మైకులో వాక్యం చదివి చెయ్యి అందిస్తారు. మా ఆయన లేచి పాపాన్ని పడగొడతాడు. తర్వాత సాక్ష్యం, ప్రార్థన. నేను పక్కన కూర్చుని పాటలు వేసేదాన్ని. జగిత్యాలలో డిగ్రీ చదివానని ఆ సౌండు డబ్బాతో కుస్తీ నాకు అప్పగించారు.

మా ఆయన చిన్నప్పటి నుంచి కుస్తీ నేర్పే తాలీంలో మట్టి పూసుకుని పెరిగినవాడు. జాతర కుస్తీల్లో వెండి కడెం గెలిచాడు. పెళ్లయిన ఏడాదికే మస్కట్ వెళ్లాడు. అక్కడ పరంజా మీద నుంచి పడి మెడ దెబ్బతిన్నది. కూలీల క్యాంపులో ప్రార్థన చేసుకునే మనుషులే ఆయనకు నెలరోజులు అన్నం తినిపించారట. తిరిగి వచ్చాక బరువు పనులు చేతకాలేదు. ఆయనకు బాగా వచ్చిన విద్య కుస్తీ, కొత్తగా దొరికినది ప్రార్థన. రెండూ ఒకేచోట ఉన్న పని దొరికితే ఎలా వదులుకుంటాడు? వదిలితే మళ్లీ గల్ఫే. పెట్టె అడుగున పాస్‌పోర్టు ఇంకా అలాగే ఉంది. మా ప్రార్థనలకు వచ్చే ఆడవాళ్లు రాసిచ్చే చీటీల్లో సగం వీసాల కోసమే ఉండేవి. మిగతా సగం, వీసా వచ్చి వెళ్లినవాళ్లు క్షేమంగా ఉండాలని.

కరీంనగర్ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, మెడ మీద బరువు పడనివ్వొద్దన్నాడు. ఆ సంగతి మా బృందాన్ని నడిపే అయ్యగారికి మేము చెప్పలేదు. చెబితే ఆ రోజే మమ్మల్ని దింపేసేవారు.

అందుకే ఒక మాట పెట్టుకున్నాం. నిజంగా దెబ్బ తగిలితే మా ఆయన "నీళ్లు" అనాలి. అప్పుడు పాపం వేషం వేసినాయన ఎక్కడివాడక్కడ ఆగిపోవాలి. ఆ వేషం వేసేది మా ఆయన తాలీం స్నేహితుడే. ఊళ్లలో పిల్లలు ఆయన వెంటపడి "పాపమన్నా, పాపమన్నా" అని పిలిచేవారు. చాయ్ హోటలాయన "పాపానికి చక్కెర ఎక్కువేయాల్నా?" అని అడిగితే, "ఎయ్యన్నా, నేను మంచిగుంటేనే గదా మీరంత చర్చికి ఉరికేది" అనేవాడు. ఎత్తి పడేసిన ప్రతిసారీ ఆయన అరచెయ్యి ఎవరికీ కనిపించకుండా మా ఆయన మెడ కిందికి వెళ్లేది. నాకు మాత్రం కనిపించేది. మా ఆయన ప్రాణం రెండేళ్లు పాపం చేతిలోనే భద్రంగా ఉంది.

ఆ స్నేహితుడికి సౌదీ వీసా వచ్చింది. వెళ్లేముందు నాతో, "చెల్లె, కొత్తాయనకు మాట చెప్పుండ్రి, మెడ సంగతి సుత చెప్పుండ్రి" అన్నాడు.

పాపం వేషానికి వచ్చిన కొత్తాయనది వీర్నపల్లి. మెట్‌పల్లిలో పసుపు బస్తాలు మోసిన హమాలీ. మంచి మనిషి, పట్టు మాత్రం మోటు. సిరిసిల్ల బయలుదేరిన రోజు దారిలో వ్యాను ఆపి చాయ్ తాగుతున్నాం. మా ఆయన నా పక్కకు వచ్చి, "నువ్వే చెప్పు. నేను చెప్తే, పహిల్వానుకు భయమైతుందని నవ్వుతడు" అన్నాడు.

"నువ్వు చెప్తేనే మంచిగుంటది."

"సదువుకున్నదానివి. మంచిగ చెప్తవు."

కొత్తాయన మా బృందం అయ్యగారి పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు మెడ మాట ఎత్తలేను. వ్యానులో చెబుదామనుకున్నాను. వ్యానులో పాప వాంతి చేసుకుంది. దిగాక చెబుదామనుకున్నాను. దిగేసరికి మైదానంలో జనం కూర్చుని ఉన్నారు. మగ్గాల షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముందు వరసలో పిల్లలు. ఒక ముసలాయన "ఇయ్యాల దేవుడు గెలుస్తడా, పాపం గెలుస్తదా?" అని అడుగుతున్నాడు. పక్కనున్నాయన "చర్చోళ్లు పెట్టిన కుస్తీల పాపమెట్ల గెలుస్తదే" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పాటలు వెతుక్కుంటూ, మొదటి పట్టు కాగానే చెబుదాములే అనుకున్నాను.

మొదటి పట్టులోనే ఎత్తేశాడు.

మెడ కింద చెయ్యి లేదు. నేను చూస్తున్నది ఆ చేతి కోసమే కాబట్టి అది లేదని నాకు ముందే తెలిసింది. పరుపు మీద పడిన చప్పుడు వేరుగా ఉంది. మా ఆయన "ప్రభువా" అన్నాడు. జనం "ఆమెన్" అన్నారు. కాసేపటికి చిన్నగా, పక్కనే ఉన్న మైకులో పడేటట్టు, "నీళ్లు" అన్నాడు.

సిరిసిల్ల అయ్యగారికి మా ఒప్పందం ఎక్కడ తెలుసు? దారి తప్పిన మనిషి నేల మీద పడి నీళ్లు అడిగితే ఆయనకు ఒకటే అర్థం.

"విన్నరా! నీళ్లడుగుతుండు! బాప్తిస్మం అడుగుతుండు!"

జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. ఎవరో హల్లెలూయ అన్నారు. చర్చి వెనక నీళ్ల తొట్టి ఉందట. నలుగురు మగవాళ్లు తాడు దాటి వచ్చారు, మా ఆయనను ఎత్తుకుపోవడానికి. కొత్తాయన కూడా ఇది ఈ ఊరి పద్ధతేమో అనుకుని కాళ్లు పట్టుకోవడానికి వంగాడు. మా ఆయన కళ్లు నన్నే వెతుకుతున్నాయి. మెడ తిప్పడం లేదు, కళ్లే కదులుతున్నాయి.

పాపను పక్కనున్న ఆమె ఒళ్లో పడేశాను. సౌండు బాక్సు వైరు లాగేశాను. పాట ఆగిపోయింది. తాడు కింద నుంచి దూరి వెళ్లి ఆయన తల దగ్గర కూర్చున్నాను.

"ముట్టకుండ్రి. ఆయనకు బాప్తిస్మం ఎప్పుడో అయ్యింది. మెడకు దెబ్బ తాకింది. ఎవ్వలు లేపకుండ్రి."

చప్పట్లు ఆగిపోయాయి. దూరంగా మగ్గాల చప్పుడు మాత్రం వస్తోంది. బీడీలు చుట్టే ఒక ముసలామె చర్చిలో నుంచి బల్ల తెప్పించింది. తల కదలకుండా రెండు వైపులా చీరలు మడిచి పెట్టింది. పరుపులు తెచ్చిన వ్యానులోనే కరీంనగర్ తీసుకుపోయాం. దారి పొడుగునా ఆయన కాలి బొటనవేలు పట్టుకుని, "కదిలియ్యి" అంటూనే ఉన్నాను. కదిలిస్తూనే ఉన్నాడు. కదలడానికి కొంచెం ఆలస్యమైన ప్రతిసారీ గోటితో గిచ్చాను.

ఎముక ఇంకా జరగలేదన్నాడు డాక్టరు. మెడకు పట్టీ వేశారు. ఎడమచేతి చివరి రెండు వేళ్లకు ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు. ఆసుపత్రి మెట్ల మీద కొత్తాయన తల పట్టుకుని కూర్చున్నాడు. "ఒక్క మాట చెప్తె అయిపోవు గద చెల్లె" అన్నాడు. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

పట్టీతోనే కోరుట్లలో మా అద్దె గదికి వచ్చాం. నెల తిరక్కముందే బీర్పూర్ సభకు పిలుపు వచ్చింది. "కుస్తీ ఉండదట. ఉత్త సాక్ష్యమే" అన్నాడు మా ఆయన. కానీ వ్యానులో పరుపులు ఉంటాయి. జనం కుస్తీ అడుగుతారు. ఈయన కాదనడు. ఆయన బయట కూర్చున్నప్పుడు నేను మా బృందం అయ్యగారికి ఫోన్ చేసి, మస్కట్ సంగతి, ఫిల్ము సంగతి, మాట సంగతి అన్నీ చెప్పాను. "ముందే చెప్పేది ఉండె బిడ్డా" అన్నారు. ఇక పరుపు ఎక్కనివ్వనన్నారు.

ఆ సంగతి తెలిసి మా ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. పెట్టె తెరిచి పాస్‌పోర్టు తీసి చూశాడు, మళ్లీ పెట్టాడు. ఏ వైపు చూసినా నాకు భయమే. పరుపంటే భయం, పరంజా అంటే భయం.

ఈరోజు అన్నం పెట్టి, పొయ్యి వైపు తిరిగి రొట్టె కాలుస్తున్నాను. వెనక నుంచి "నీళ్లు" అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట. చేతిలోని అట్లకాడ జారిపోయింది. ఎలా చేరానో తెలియదు, ఆయన తల వెనక నా రెండు చేతులూ ఉన్నాయి. పాప అన్నం ముద్ద చేతిలో పట్టుకుని మమ్మల్ని చూస్తోంది. పెనం మీద రొట్టె మాడుతోంది.

"తాగెటందుకే" అన్నాడు.