నాగార్జునకొండకి పక్కింటి పద్మ

మా చిన్నప్పుడు... సత్తెనపల్లిలో మిరపకాయలు ఆరబోసే రోజులొస్తే ఊరంతా తుమ్మేది. అలా తుమ్ముతూనే ఒక సాయంత్రం నాన్న, "ఈ ఆదివారం నాగార్జునకొండ వెళ్దాం" అన్నారు.

"తుమ్మి మరీ చెప్తావేంట్రా?" అంది నాయనమ్మ. మళ్ళీ తనే తుమ్మి, మిరపకాయల తుమ్ముకి శకునం లేదులే అని తేల్చేసింది.

నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఆ కొండ గురించి నాకు ఎప్పుడూ చెబుతూనే ఉండేవారు. డ్యామ్ కడితే లోయ మునిగిపోతుందని, ముందే తవ్వి చూసి, పాత కట్టడాలు కొన్నింటిని రాయి రాయిగా విప్పి, కొండ మీదికి చేర్చి, మళ్ళీ పేర్చారట. చుట్టూ నీళ్ళు... పైన ఆకాశం... మధ్యలో ఎప్పటివో స్తూపాలు. ఆయన చెప్పనిది నేను కాన్వెంట్ లైబ్రరీలో వెతుక్కుని చదివాను.

నాకు కావలసింది ఒకటే. లాంచీలో నాన్న పక్కన కూర్చోవాలి. ఆయన చెప్పేదంతా నాకే చెప్పాలి.

చిక్కు నాయనమ్మ దగ్గర వచ్చింది. ఆదివారం పడమటి దిక్కుకి వారశూల, బయల్దేరకూడదు. కొండకి వెళ్ళాలంటే రైలు దిగాల్సిన మాచర్ల మాకు పడమరే.

"ఆదివారం కాకపోతే నాకు సెలవెక్కడుందమ్మా?" అన్నారు నాన్న.

"అయితే శనివారమే ప్రస్థానం పెట్టండి."

అంటే, మంచి వేళ చూసి ఒక సంచిలో బట్టలు సర్ది, ముందురోజే వేరే ఇంట్లో ఉంచడం. సంచి గడప దాటితే మనమూ బయల్దేరినట్టే లెక్క. వారశూలకి ఇక మనతో పని లేదు. మాకు పడమటి వైపున్న ఇల్లు పద్మ వాళ్ళది.

పద్మది నా వయసే. నాలుగు వీధులకి వినపడేలా మాట్లాడేది. నేను పక్కనున్న మనిషికి కూడా వినపడేదాన్ని కాదు.

శనివారం సాయంత్రం నాన్నా నేనూ సంచి తీసుకెళ్ళాం. పద్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఎక్కడికి మాస్టారూ? అన్నీ సర్దేశారూ!"

నాన్న నిలబడే చెప్పడం మొదలుపెట్టారు... డ్యామ్, లోయ, కొండ. అవన్నీ నావి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

పద్మ నోరు తెరుచుకుని విని, "రాళ్ళంటే విప్పి పైకి మోసుకెళ్ళారు, సరే. మరి ఊళ్ళల్లో బావులు ఏం చేశారండీ? నీళ్ళ అడుగున కూడా బావులుంటాయా?" అంది.

నాన్న నవ్వారు. అలాంటి నవ్వు నేను నూటికి నూరు తెచ్చుకున్నప్పుడు కూడా చూడలేదు.

"ఏమోనమ్మా... ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను, నాకే తట్టలేదు" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "చూశావా భారతీ, ప్రశ్నంటే అలా ఉండాలి" అన్నారు.

నా చెవులు మండిపోయాయి. అన్ని పుస్తకాలు చదివాను. ఒక్క బావి కూడా నాకు తట్టలేదు.

అప్పుడే వాళ్ళమ్మ కాఫీ తెచ్చారు. సంచి వాళ్ళింట్లో పెట్టి పిల్లని రమ్మనకపోతే ఏం బాగుంటుంది? "నువ్వూ రావే పద్మా" అన్నారు నాన్న.

ఇంటికొచ్చాక నాయనమ్మతో, "నలుగురం వెళ్ళేచోటికి ఐదో మనిషి ఎందుకు?" అన్నాను.

"సంచి దాచిన ఇంటి పిల్ల వస్తే మంచిదేనే. ముఖం అలా మాడ్చుకోకు, కాల్చిన వంకాయనుకుని పచ్చడి చేసేస్తా" అంది.

ఆదివారం పద్మ రెండు జడలకీ ఎర్ర రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. మాచర్ల రైల్లో అందరి పులిహోరా తనే పంచింది. లాంచీ ఎక్కగానే నాన్న అంచున కూర్చుని, పక్కన చోటు తట్టి, "ఇటు రామ్మా" అన్నారు.

నేను ఒక అడుగు వేశాను. పద్మ రెండు వేసింది.

నేను అమ్మకీ నాయనమ్మకీ మధ్య కూర్చున్నాను. ఇంజను మోతలో నాన్న మాటలు వినపడలేదు. ఆయన చెయ్యి నీళ్ళకేసి చూపించడం, పద్మ వంగి చూడడం మాత్రం కనిపించాయి. కొండ మీద ప్రతి స్తూపం దగ్గరా ఆయన ఏం చెబుతారో నాకు ముందే తెలుసు. ఎవరూ నన్ను అడగలేదు... నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఎక్కడికైనా వెళ్ళేముందు పిల్లలు ఫోన్లో అంతా చూసేసి వస్తున్నారు. తీరా వెళ్ళాక చెప్పేవాళ్ళూ లేరు, అడిగేవాళ్ళూ లేరు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నా ఎవరికీ పట్టదు...

మీ నాన్న మీకు చెప్పినదానికంటే ఇష్టంగా కబుర్లు చెప్పిన పక్కింటి పిల్ల మీకూ ఉందా? ఉంటే రాయండి. ఆ అమ్మాయి మీద కుళ్ళు ఎన్నేళ్ళకి తగ్గిందో కూడా రాయండి.

నాకింకా తగ్గలేదు.