విటెన్‌బర్గ్‌లో నాలుగు గంటలు

"ఆయన నోరే అంత. మనసు మంచిది."

ఇరవై అయిదేళ్ళ కాపురంలో పర్సిస్ ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. బాపట్లలో ఉన్న అక్క ప్రేమజ్యోతికి ఫోనులో చెప్పింది. కాలిఫోర్నియా సన్నీవేల్‌లో ఇంజనీరుగా చేస్తున్న కొడుకు ఎవాన్‌కి చెప్పింది. అడగనివాళ్ళకు కూడా పిలిచి మరీ చెప్పింది. వినేవాళ్ళంతా సరేనని తలూపేవారు, ప్రేమజ్యోతి తప్ప. "ఆ మంచి మనసేదో మాకెప్పుడు చూపిస్తాడే మీ ఆయన? నేను పోయేలోగా చూస్తానా?" అనేది.

పర్సిస్ గుంటూరు మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ చదివింది. అమెరికాలో నర్సులకు కరువొచ్చిన రోజుల్లో, రెండువేల రెండులో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లోని ఒక ఆస్పత్రి ఆమెను పిలిపించుకుంది. ఆమె వీసా వెనకాలే మొగుడు సామ్యూల్, పద్నాలుగేళ్ళ ఎవాన్ వచ్చారు. అదిగో, అక్కడే తేడా కొట్టింది. బాపట్లలో సామ్యూల్ ఇన్సూరెన్సు ఆఫీసరు. ఆయన గదిలోకి వస్తే ఏజెంట్లు లేచి నిలబడేవారు. ఇర్వింగ్‌లో ఆయన కోసం లేచేవాడు ఒక్కడూ లేడు. రెండేళ్ళు ఇంట్లో కూర్చుని, చివరికి ఒక గోడౌన్‌లో అట్టపెట్టెల మీద లేబుళ్ళు అంటించే పనికి కుదిరాడు. ఆ కడుపుమంటంతా పెళ్ళాం మీద తీర్చుకున్నాడు.

చెయ్యి చేసుకునే రకం కాదు. అంత అవసరం ఎప్పుడూ పడలేదు. భోజనానికి వచ్చినవాళ్ళ ముందు, "మా ఇంట్లో మగాడు ఈవిడే, ఏమన్నా ఉంటే ఈవిడతో మాట్లాడుకోండి" అనేవాడు. అందరూ నవ్వేవారు. పర్సిస్ కూడా నవ్వేది, ఏం చేస్తుంది పాపం. ఒకసారి తోటి నర్సులు ఆమె పుట్టినరోజుకి కేకు ఇచ్చి పంపితే, షుగర్ పేషెంటు ఉన్న ఇంట్లో ఇదేమిటని దాన్ని డబ్బాతో సహా చెత్తబుట్టలో పడేశాడు. ఆయనకు షుగర్ ఉన్న మాట నిజమే. కాబట్టి పర్సిస్ ఆ తప్పు కూడా తన ఖాతాలోనే వేసుకుంది.

రెండువేల పన్నెండు మే నెలలో ఎవాన్ ఫోన్ చేశాడు. "మమ్మీ, నువ్వొక్కదానివే వచ్చెయ్. రూమ్ రెడీగా ఉంది. ఇక్కడ హాస్పిటల్‌కి అప్లై చెయ్యి, ప్లీజ్." వాడి పోరు పడలేక అప్లై చేసింది. ఇంటర్వ్యూ ఫోనులోనే అయిపోయింది. ఉద్యోగం ఇస్తామన్నారు, జూన్ పదిహేనులోగా అవునో కాదో చెప్పమన్నారు. ఆ మెయిల్ మూడుసార్లు చదువుకుంది. మొగుణ్ణి వదిలి వెళ్ళాలని తనకు నిజంగానే ఉందని అప్పుడు తెలిసింది ఆమెకు.

ఎలా చెప్పాలన్నదే పెద్ద చిక్కు. అప్పటికే జర్మనీ టికెట్లు బుక్ చేసి ఉంది. తాతల నాటి నుంచి లూథరన్ క్రైస్తవులు, పైగా ఆ ఏడు పెళ్ళి సిల్వర్ జూబిలీ, తమ శాఖకి మూలపురుషుడైన లూథర్ గారి ఊరు విటెన్‌బర్గ్ చూసి రావాలని సామ్యూల్ ఎన్నాళ్ళుగానో అంటున్నాడు. సరే, అక్కడే చెబుదామనుకుంది పర్సిస్. పరాయి ఊళ్ళో, నలుగురి మధ్య, గట్టిగా అరవడు కదా.

హోటల్ కౌంటర్‌లో అమ్మాయి బుకింగ్ ఎవరి పేరు మీదని అడిగితే, పర్సిస్ తన కార్డు తీసి ఇచ్చింది. పక్కనున్న ఆయన ఎవరంటే, "హీ ఈజ్ విత్ మి" అని చెప్పి తాళం తీసుకుంది. ఆ మాట అక్కడితో మరిచిపోయింది. మొదటి రోజంతా సామ్యూల్‌ని చర్చి తలుపు ముందు, లూథర్ విగ్రహం ముందు, మ్యూజియం మెట్ల మీద నిలబెట్టి ఫోటోలు తీసింది. చెప్పాల్సిన మాట మాత్రం మర్నాటికి వాయిదా వేసుకుంది.

రెండోరోజు పొద్దున బజారు కూడలిలో ఉన్నారు. పర్సిస్ హ్యాండ్‌బ్యాగ్ మొగుడి చేతికిచ్చి, టాయిలెట్‌కి కావలసిన చిల్లర మాత్రం పట్టుకుని వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆయన లేడు. డబ్బు, పాస్‌పోర్టు, ఫోను, గది తాళం అన్నీ ఆ బ్యాగ్‌లోనే ఉన్నాయి. హోటల్ పేరు జర్మన్‌లో మూరెడు పొడుగుంది, ఒక్క అక్షరం గుర్తు రాలేదు. అప్పుడు టైము పదకొండున్నర.

తను దారి తప్పానని భయపడలేదు ఆమె. మొగుడికి షుగర్ పడిపోయి ఎక్కడో కూలిపోయాడేమోనని భయపడింది. పొద్దున ఇన్సులిన్ తనే వేసింది, ఆయన సరిగా తినలేదు. గ్లూకోజ్ బిస్కెట్లు బ్యాగ్‌లో ఉన్నాయని ఆయనకు గుర్తుంటుందా? అంబులెన్సు కూత వినిపిస్తే ఆ వీధి చివరిదాకా పరుగెత్తింది, మళ్ళీ అంతే పరుగున వెనక్కి వచ్చింది. పోలీసు కనిపించాడు గానీ వెంట వెళ్ళలేకపోయింది. తను కదిలాక ఆయన వచ్చి, లేనని చూసి కంగారుపడితే? ఫౌంటెన్ గట్టు మీద కూర్చుంది. దాహమేసింది, ఎండ నడినెత్తికొచ్చింది, కుర్చీలు వేసుకుని బీరు తాగుతున్నవాళ్ళు ఒకటి రెండుసార్లు చూసి చూపు తిప్పుకున్నారు. రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఆయన్ని ప్రాణాలతో చూపించు ప్రభువా, ఇంకేమీ అడగనని మొక్కుకుంది.

మూడున్నరకి సామ్యూల్ వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది, చొక్కా చెమటకి తడిసింది.

"ఎక్కడికి పోయావే? ఊరంతా వెతికాను. రైల్వే స్టేషన్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చాను."

"ఇక్కడే ఉన్నానండీ."

"ఇంకో తలుపులోంచి బయటికొచ్చి ఉంటావు. నీ తెలివి నాకు తెలియదా."

రెండో తలుపు ఉందో లేదో ఆమె చూడలేదు, ఉందనే నమ్మింది. సామ్యూల్ ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు. పెళ్ళయ్యాక ఆయన అడక్కుండా కొనిచ్చింది అదొక్కటే. ఉబ్బిన కళ్ళతో నవ్వుతూ ఐస్‌క్రీమ్ పట్టుకున్న పర్సిస్‌ని ఫోటో కూడా తీశాడు.

ఆ సాయంత్రమే హోటల్ లాబీలో కంప్యూటర్ ముందు కూర్చుని సన్నీవేల్ ఆస్పత్రికి రాలేనని రాసేసింది. ఎవాన్‌కి ఫోన్ చేసి, "మీ డాడీ నాలుగు గంటలు తిండి లేకుండా ఊరంతా వెతికారురా. ఆయన నోరే అంత" అంది. "ఓకే మమ్మీ" అన్నాడు వాడు.

జులై ఆఖరి ఆదివారం. ఇర్వింగ్ తెలుగు క్రైస్తవ సంఘం ఒక అమెరికన్ చర్చి వెనక హాలు అద్దెకు తీసుకుని మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకుంటుంది. ఆ రోజు ఆరాధన అయ్యాక లూథర్ ఊరి ఫోటోలు చూపించి సాక్ష్యం చెప్పమని పాస్టర్‌గారు సామ్యూల్‌ని పిలిచారు. సూటు వేసుకుని మైకు పట్టుకున్నాడు. పదేళ్ళలో ఆయన మాట నూరుమంది నోరు మూసుకుని వినడం అదే మొదలు. మొహం వెలిగిపోయింది. చూస్తున్న పర్సిస్‌కి కూడా సంతోషమేసింది, ఏమాటకామాట చెప్పుకోవాలి.

ఫోటోలు ఏరి ఇవ్వడం ఆయన మరిచాడు. ప్రొజెక్టర్ చూసుకునే కిరణ్‌కుమార్ కెమెరా కార్డు పెట్టేసి, వరసగా అవే వచ్చేలా వదిలేశాడు. చర్చి తలుపు వచ్చింది, విగ్రహం వచ్చింది. సామ్యూల్ కథలోకి దిగాడు. "అమెరికాలో పదేళ్ళున్నా మా ఆవిడ టాయిలెట్‌కి వెళ్ళి తిరిగి రాలేకపోయిందండీ." హాలంతా గొల్లున నవ్వింది.

అప్పుడు తెర మీదకి బజారు కూడలి వచ్చింది, మేడ మీంచి తీసినట్టు. మధ్యలో ఫౌంటెన్, పక్కన పసుపు చుడీదార్‌లో చిన్నగా ఒక ఆడమనిషి. ఫోటో మూల నారింజ రంగు అంకెలు, 11:42. తర్వాతది దగ్గరికి లాగి తీసింది. ఆమె అటూ ఇటూ చూస్తోంది, 12:15. ఇంకొకదానిలో కిటికీ అంచు మీద కాఫీ కప్పు, సగం తిన్న చాక్లెట్ కేకు, అద్దం అవతల మసగ్గా పసుపు చుడీదార్. 12:58.

నర్సు కళ్ళు ముందు టైమునే చూస్తాయి. అయినా పర్సిస్ మొగుడి తరఫున వాదించుకుంది. కెమెరాలో టైము డాలస్‌దేమో, మార్చి ఉండరు, దొరికాక ముచ్చటపడి తీసి ఉంటారు. ఇంకో ఫోటో వచ్చింది. చేతుల్లో మొహం దాచుకుని తను, వెనకాల చర్చి గోపురం మీద పెద్ద గడియారం. అందులో రెండూ యాభై, మూలన అంకెల్లోనూ రెండూ యాభై. ఆ తర్వాత వచ్చింది ఐస్‌క్రీమ్ ఫోటో, 3:41.

సామ్యూల్ ఒక్క క్షణం తడబడ్డాడు, అంతే. "దొరికాక ఆవిణ్ణి అక్కడే కూర్చోబెట్టి, నేను మేడెక్కి తీశానండీ ఇవి" అన్నాడు.

"వెనక్కి తిప్పి ఆ రెండూ యాభై దగ్గరది ఆపండి బ్రదర్" అని ముందు వరసలోంచి పాస్టరమ్మగారు లేచారు. "ఎంత చక్కగా ప్రార్థనలో ఉందో చూడండి మన పర్సిస్. వచ్చే ఏడు మన క్యాలెండర్‌కి ఇదే వేద్దాం." చప్పట్లు మోగాయి. పర్సిస్ చేతికి మైకిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు.

ఆమె నిలబడింది. "నేను దొరికాక తీసినవి కాదండీ ఇవి. నేను ఏడుస్తుంటే పైనుంచి చూస్తూ తీసినవి. టైము చూడండి."

ముందు వరసవాళ్ళు తెర వంకా సామ్యూల్ వంకా చూశారు. ముందుగా నవ్వింది సామ్యూలే. "చూశారా, రెండు నెలలైనా కోపం తగ్గలేదు. ఇంట్లో నా గతి ఆలోచించండి." దాంతో అందరికీ ఊపిరి ఆడింది. ఇందాకటికన్నా గట్టిగా నవ్వారు. పాస్టర్‌గారు వచ్చి మొగుడూ పెళ్ళాల చేతులు కలిపి పట్టుకుని, ఈ కుటుంబంలో శాంతి సమాధానాలు ఉండాలని పావుగంట ప్రార్థన చేశారు. పర్సిస్ చెయ్యి సామ్యూల్ చేతిలో చెమట పట్టింది. విదిలించుకునే ధైర్యం లేకపోయింది.

ఇంటికి వెళ్తూ కారు హైవే ఎక్కాక మొగుణ్ణి అడిగింది. "ఎందుకు చేశారండీ?"

"హీ ఈజ్ విత్ మి అన్నావుగా ఆ కౌంటర్ పిల్లతో. నేనేదో నీ సూట్‌కేసునైనట్టు." రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు. "నేను లేకపోతే నీ బతుకేమిటో నీకు తెలియాలనుకున్నా. తెలిసిందిగా. నాలుగు గంటలు అడుగు కదపలేకపోయావు. పెద్ద ఆర్‌ఎన్ నర్సట."

"మీకు షుగర్ పడిపోయి ఎక్కడ పడిపోయారోనని కదల్లేదండీ నేను."

"బిస్కెట్లు నా దగ్గరే ఉన్నాయిగా" అన్నాడు సామ్యూల్. "చాలకపోతే కేకు తిన్నాను."

మర్నాడు పర్సిస్ సన్నీవేల్ ఆస్పత్రికి ఫోన్ చేసింది. ఆ ఉద్యోగం వేరే ఆవిడకి ఇచ్చేశారు, మళ్ళీ ఖాళీ ఎప్పుడో చెప్పలేమన్నారు. ఎవాన్‌కి చేసింది. "మమ్మీ, నువ్వు రానన్నావు కదా. రూమ్‌లో ఫ్రెండ్ ఉంటున్నాడు, లీజ్ సైన్ చేశాడు. వచ్చే సమ్మర్ దాకా ఏం చేయలేను." మళ్ళీ తనే అడిగాడు, "ఏమైంది? డాడీ మళ్ళీ ఏమన్నా అన్నారా?" పర్సిస్ ఏమీ లేదంది. నాలుగు గంటలు వెతికారని వాడితో తనే చెప్పింది. ఇప్పుడు ఏ నోటితో కాదంటుంది?

డిసెంబరులో క్యాలెండర్లు వచ్చాయి. నారింజ అంకెలు కత్తిరించేశారు గానీ వెనకాల గోపురం గడియారం అలాగే ఉంది. సామ్యూల్ తనే మేకు కొట్టి, వంటింట్లో స్టవ్ ఎదురుగా తగిలించాడు. "బాగా పడ్డావే" అన్నాడు. సంఘంలో అరవై ఇళ్ళకి ఒక్కొక్కటి వెళ్ళింది. బాపట్లలో చుట్టాలకి కూడా కొన్ని పోస్టు చేశాడు.

ఒక శనివారం పొద్దున పర్సిస్ ఆయనకు ఇన్సులిన్ వేసి, వంటింట్లో టిఫిన్ చేస్తుంటే బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. ప్రేమజ్యోతి గొంతు బొంగురుగా ఉంది, ఏడ్చినట్టు.

"క్యాలెండర్ అందిందే. మీ ఆయనే తీశాడట కదా ఫోటో. హాల్లో పెట్టుకున్నాను, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నా. ఇన్నేళ్ళూ మనసు మంచిదని నువ్వు మొత్తుకుంటుంటే నేనే నమ్మలేదు. నాదే తప్పు. ప్రార్థన చేసుకుంటున్న పెళ్ళాన్ని కదిలించకుండా, అంత దూరంనుంచి, అంత ఓపిగ్గా చూస్తూ కూర్చుని తీశాడంటే, ఆ మనసేమిటో ఇవాళ తెలిసిందే నాకు."

పర్సిస్ ఎదురుగా గోడ మీద క్యాలెండర్‌లో రెండూ యాభై అయింది. హాల్లోంచి సామ్యూల్ కాఫీ అడుగుతున్నాడు.

"ఏమే, మాట్లాడవేం? లైన్లో ఉన్నావా?" అంది ప్రేమజ్యోతి.

"ఉన్నానక్కా" అంది పర్సిస్. "ఇక్కడే ఉన్నాను."