మాస్టారు చెప్పిన కథ

మొన్న టీవీలో పాత ఇంగ్లీషు సినిమా వేశారు. ప్రేమించినవాణ్ణి వదిలి నాయిక ఓడ ఎక్కేచోట టీవీ ఆపేశాను.

ఎనిమిదేళ్ళప్పుడు ఆ సినిమా నంద్యాలలో చూశాను. పళ్ళ డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి, నాయన చెల్లెలు సుశీలత్త నన్ను ఆళ్లగడ్డ నుంచి తీసుకుపోయింది. హాలంతా బీడీ పొగ, ఉక్క. అత్తకు అటుపక్కన మా బడి మాస్టారు కూర్చున్నాడు. ఆయన క్రైస్తవుడు. ఆయన్ను మా పెద్దలు గడప తొక్కనిచ్చేవారు కాదు. సినిమా కథను ఆయన అత్త చెవిలో తెలుగులో చెప్పేవాడు. అత్త నాకు చెప్పేది.

మర్నాడు పొద్దున ఆ కథంతా నాయనకు గొప్పగా చెప్పాను.

“ఇంగ్లీషు నీకెట్ల తెలిసె పాపా?”

“మాస్టారు అత్త చెవిలో చెప్పినాడు నాయనా.”

నాయన అత్త జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు. కట్టె తీసుకుని బడికి పోయాడు. నేను వెనకే పరుగెత్తాను. మాస్టారి ముంజేయి విరిగిన చప్పుడు విన్నాను. చొక్కా నిండా నెత్తురు. కథ తప్పుగా చెప్పినందుకే కొడుతున్నాడనుకున్నాను.

“ఆయప్ప సరిగ్గానే చెప్పినాడు నాయనా! అత్త ఏడ్సింది గూడా!” అని అరిచాను.

నాయన ఇంకా గట్టిగా కొట్టాడు.

మాస్టారు ఊరు వదిలిపోయాడు. నెల తిరక్కముందే అత్తను కోయిలకుంట్లలో ఇచ్చారు. ఆ దెబ్బలు ఎందుకో నాకు పదిహేనేళ్ళొచ్చాక గాని అర్థం కాలేదు. అప్పుడు వెళ్ళి అత్త ముందు ఏడ్చాను.

“చిన్నపిల్లవి, నీకేం తెలుసు?” అంది అత్త. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“ఆ కథ ఇంగొకసారి చెప్పు పాపా. ఆయప్ప చెప్పినట్లే చెప్పు.”