సున్నాకు ముందున్న ఖాళీ

కరోనా మొదటి ఏడాది సూరత్‌లో నాకు సంబంధం కుదిరింది. మేముండేది ఆ ఊరి భేస్తాన్ పేటలో, పెళ్లికొడుకాయన దగ్గర్లోని సచిన్ అనే పేటలో మరమగ్గాల మేస్త్రీ. నగల దుకాణాలు మూసి ఉండడంతో పెళ్లికొడుకు ఉంగరం తెలిసిన కంసాలి ఇంట్లోనే చేయించాల్సి వచ్చింది.

"వేలికి దారం చుట్టి, స్కేలు మీద పెట్టి ఫొటో పంపు అల్లుడూ" అన్నాడు నాన్న.

ఫొటో వచ్చింది. ఇంచుల వైపు చూస్తే దారం కొస రెండు గీతల మధ్య పడింది. అందుకని మిల్లీమీటర్లు లెక్కబెట్టి, యాభై ఎనిమిదని కంసాలికి చెప్పాం.

తీరా నిశ్చితార్థంలో తొడగబోతే ఉంగరం వేలి కణుపు దగ్గర ఆగిపోయింది. తిప్పాను, నెట్టాను, శానిటైజర్ పోశాను. అందరూ ఆరడుగుల దూరంలో కూర్చున్న ఆ గదిలో నేనొక్కదాన్నే ఆయన చేయి పట్టుకుని కుస్తీ పడుతున్నాను. అపశకునమని ఎవరైనా అంటారేమోనని నా భయం. మేనత్త మాస్కు చాటున నవ్వుతోంది.

నాన్న ఫోన్‌లో ఆ పాత ఫొటో మళ్లీ తెరిచి చూశాడు. దారాన్ని సున్నా దగ్గర కాకుండా ప్లాస్టిక్ స్కేలు అంచు నుంచి పెట్టారు. సున్నాకు ముందున్న ఖాళీ లెక్కలోకి రాలేదు.

"మా కార్ఖానల స్టీలు స్కేలుకు అంచు కాడనే సున్నా ఉంటది మామా. గదే అలవాటు" అన్నాడాయన తల వంచుకుని. అందరూ జాలిపడ్డారు. చివరికి సబ్బునీళ్లతో ఉంగరం ఎక్కింది.

మొన్న మా అన్న కూతురికి ఆయన స్కేలు చూడడం నేర్పుతున్నాడు. "అంచు కాదు బిడ్డా, సున్నా కాడికెల్లి చూడాలె."

"ఈ తెలివి అప్పుడు ఏడ పోయింది?" అన్నాను.

"అప్పుడూ ఉండె. గా రోజుల్ల నీ చెయ్యి గంతసేపు పట్టుకునేందుకు ఇంకో తొవ్వ దొరకలే."

ఇప్పుడు ఆయన ఏ కొలత చెప్పినా నేను మళ్లీ కొలుస్తున్నాను.