కుక్క మార్కు బిస్కెట్లు

ఆ రోజుల్లో మా వైపు కుక్క ఏం తింటుందని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. ఇంట్లో మిగిలింది వాకిట్లో పెడితే తినేది, మిగలకపోతే పక్కింటి వాకిట్లోకి పోయేది. ఇప్పుడు కుక్కలను పెంచేవాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, మాది ఫలానా కంపెనీ దాణా, అది మాన్పించి ఈ కంపెనీది మొదలుపెట్టాం, మా వాడు ముట్టడం లేదు అంటూ పెళ్లి సంబంధాలు మాట్లాడుకున్నంత శ్రద్ధగా మాట్లాడుకుంటారు. నేను పక్కన కూర్చుని నవ్వుకుంటాను. ఈ ముసలాయనకు ఏం తెలుసులే అన్నట్టు వాళ్లు నా వైపు చూస్తారు. ఒక కుక్క చేత ఒక కంపెనీ తిండి మాన్పించి ఇంకో తిండి పట్టించడానికి నేను ఎంత అవస్థ పడ్డానో వాళ్లకు తెలియదు. నిజానికి అవస్థ పడింది నేను కాదు, మా అవ్వ. నా వంతుకు వచ్చింది భయం ఒక్కటే.

అప్పటికి నాకు మీసమైనా సరిగ్గా రాలేదు గాని ఎల్లారెడ్డి తహసిల్ కచేరీలో కొలువు మాత్రం వచ్చింది. కొలువంటే పక్కా కొలువు కాదు. ఒక ముసలి గుమాస్తా జబ్బుపడి ఇంటికి వెళితే ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు (ఆ కుర్చీకి మూడు కాళ్లు గట్టివి, నాలుగో కాలు ఇటుక). నన్ను పక్కా చేయడమా, ఇంటికి పంపడమా అన్నది తహసిల్దార్ సాబ్ చేతిలో ఉంది. గాంధారి దగ్గర మా ఊళ్లో వానలు లేక చేన్లు ఎండిపోయి, ఇంటిల్లిపాదీ నా కొలువు మీదే ఆశ పెట్టుకున్నారు. నాకు వండిపెట్టడానికి మా నాయన తన తల్లిని వెంట పంపారు. ఆమెనే మేమంతా అవ్వ అనేవాళ్లం. చేతిలో కట్టె, నడుం వంగిన మనిషి. అయినా ఇంటికి వచ్చిన వాళ్లను నోట్లో ఏదో ఒకటి పెట్టకుండా గడప దాటనిచ్చేది కాదు.

సాబ్‌కు పెద్ద పెద్ద చెవులున్న సీమ కుక్క ఒకటి ఉండేది. పేరు మోతీ. గోధుమరంగు వెంట్రుకలు పట్టులా మెరిసేవి. అది బంగళా ముందు తిరుగుతుంటే మొదట్లో కొందరు గొర్రెపిల్ల అనుకున్నారట. కచేరీలో అందరూ దానికి దూరం నుంచే సలాం చేసేవారు. నేను మాత్రం సాబ్ చూస్తున్నప్పుడల్లా దగ్గరికి వెళ్లి దాని తల నిమిరేవాణ్ణి. ఆ నిమరడమే నా కొంప ముంచింది. సాబ్ బిడ్డ పెళ్లికని నౌకర్లతో సహా హైదరాబాదు బయలుదేరుతూ నన్ను పిలిపించారు.

"మున్షీ, మోతీ అంటే నీకు మస్తు పసంద్ గదా. నేను వాపస్ వచ్చేదాక నీ ఇంట్లనే ఉంటది. దాని ఖానా ఈ డబ్బాలల్ల ఉంది. పొద్దుగాల, మాపటికి పాలల్ల నానబెట్టి పెట్టు. ఇంకేం పెట్టకు. వచ్చినంక నీ కొలువు సంగతి జూద్దాం," అన్నారు. "జీ హుజూర్" తప్ప ఇంకో మాట రాని వయసు నాది.

ఆ డబ్బాలు ఎక్కడో ఇంగ్లండులో తయారై, ఓడ ఎక్కి, రైలెక్కి, కామారెడ్డి స్టేషన్‌లో దిగి, బస్సు టాపు మీద ఎల్లారెడ్డి చేరినవి. పైన ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఒక కుక్క తల బొమ్మ. కుక్కను, డబ్బాలను ఇంట్లో దింపానో లేదో గిర్దావర్ సాబ్ నన్ను దౌరాకు రమ్మని చప్రాసి చేత కబురు పెట్టారు. గిర్దావర్ అంటే ఊళ్లు తిరిగి భూముల లెక్కలు చూసే మా పై అధికారి, వెంట రాయడానికి ఒక మనిషి కావాలి. బండి వాకిట్లో ఆగి ఉంది. "అవ్వా, ఇది సాబ్ కుక్క. ఇవి సాబ్ ఇచ్చిన బిస్కెట్లు. పైలం," అని ఒక్క అరుపు అరిచి బండెక్కాను. ఆ బిస్కెట్లు ఎవరు తినేవో చెప్పే తీరిక లేకపోయింది.

నాలుగైదు రోజులకు దౌరా ముగించుకుని తిరిగొస్తూ గిర్దావర్ సాబ్ మా ఇంటి ముందు ఆగారు. అవ్వ ఊరుకుంటుందా? చాయ్ పెట్టింది, పళ్లెంలో బిస్కెట్లు పెట్టింది. ఎండలో తిరిగి తిరిగి ఆకలి మీద ఉన్నాం. గిర్దావర్ సాబ్ ఒకటి చాయ్‌లో ముంచి తిన్నారు. నేనూ తిన్నాను. కొంచెం గట్టిగా ఉన్నా నమిలితే బాగానే ఉంది.

"మంచిగున్నయ్ అవ్వా. ఏం మార్కు?" అని ఆయన అడిగారు.

"కుక్క మార్కు సాబూ."

"ఆఁ! కుక్క మార్కు. హైదరాబాదుల పెద్ద పెద్దోళ్లందరు గవ్వే తింటరు," అని ఆయన ఇంకో రెండు తీసుకున్నారు.

నా నోట్లోది అటు మింగుడుపడలేదు, ఇటు ఉమ్మేయడానికి లేదు. పై అధికారి ముందు ఏమని ఉమ్మను? ఆయన లేచి, నాలుగు జేబులో కూడా వేసుకుని వెళ్లాక (తర్వాత కచేరీలో ఉన్నన్నాళ్లూ "ఆ కుక్క మార్కు మళ్ల ఎప్పుడొస్తది?" అని అడుగుతూనే ఉండేవారు, నేను చెప్పలేదు) డబ్బాలు తెరిచి చూశాను. ఒకటి ఖాళీ. రెండో దాంట్లో అడుగున పొడి. ఊరి నుంచి వచ్చిన మా చుట్టాలు, వాడకట్టు ఆడవాళ్లు, చప్రాసి పిల్లలు అందరూ సాబ్ పేరు చెప్పుకుని తిన్నారట.

"అవ్వా, అవి కుక్క తినే బిస్కెట్లే!" అని నెత్తి పట్టుకున్నాను.

అవ్వ నమ్మలేదు. "కుక్కలకు బిస్కెట్లేంది బిడ్డా? కుక్క బొమ్మ ఉంటే కుక్కదైతదా? గుర్రం మార్కు అగ్గిపెట్టె గుర్రాలు గీస్తున్నయా? ఏనుగు మార్కు చీర ఏనుగులు కట్టుకుంటున్నయా?" అంది. బజారులో ఏ సరుకు చూసినా ఏదో ఒక జంతువు బొమ్మ ఉండే కాలం అది. లోపలిది ఆ జంతువుకేనని చెప్పే బొమ్మ ఎల్లారెడ్డికి అదే మొదటిది.

ఇక మోతీ సంగతి. అవ్వ దానికి గట్క పెట్టింది. జొన్నలు రవ్వగా విసిరి ముద్దగా వండే గట్క, మా ఇంట్లో మనుషులం తినేదీ అదే. మజ్జిగ పోసి మరీ పెట్టింది. మోతీ వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుందట. నేను వెళ్లి చూసేసరికి చెవులు నేలకు ఆనించి, బట్టలు ఆరేసే దండెం కింద పడుకుని ఉంది. పక్కటెముకలు తెలుస్తున్నాయి. నాకు ఆ పక్కటెముకల మధ్య నా కొలువు కనిపించింది.

మర్నాడే బస్సెక్కి కామారెడ్డి పోయాను. స్టేషన్ దగ్గర రైల్వే దొరలకు సామాను అమ్మే సేటు నా మొర విని, "ఏడియి బిస్కెట్లు? అక్కడ లడాయి నడుస్తుంది, సీమ నుంచి జహాజులు వస్తలేవు. నీ కుక్కకు చెప్పు," అని నవ్వి, లోపల వెతికి వేరే కంపెనీ డబ్బా ఒకటి తెచ్చాడు. దాని మీద కిరీటం బొమ్మ. ఈసారి బొమ్మను నమ్మకుండా లోపలిది కుక్కకేనా అని రెండుసార్లు అడిగి తెచ్చాను. మోతీ కిరీటం మార్కును వాసన చూసి తుమ్మింది. పాత డబ్బా అడుగున ఉన్న పొడి దాని మీద చల్లాను. పొడి మట్టుకు నాకి, కిరీటాన్ని అలాగే వదిలేసింది. పాలలో డబుల్ రొట్టె వేశాను, పాలు తాగి రొట్టె మిగిల్చింది. ఆ పాల మీదే ప్రాణం నిలుపుకుంటోంది తప్ప ముద్ద ముట్టదు. నిజం చెప్పాలంటే నాకు కోపంతో పాటు దాని మీద గౌరవం కూడా పుట్టింది. ఆకలితో కూడా తన రుచి మార్చుకోని ప్రాణిని నేను అంతవరకు చూడలేదు.

ఇంతలో ఆదివారం వచ్చింది. మా అవ్వ మల్లన్న భక్తురాలు. ప్రతి ఆదివారం ఒక్కపొద్దు ఉండేది. మల్లన్న వెంట కుక్క ఉంటుంది గనక, మా ఇంట్లో ఒక్కపొద్దు విడిచేటప్పుడు మొదటి ముద్ద కుక్కకు పెట్టాలి. అది తిన్నాకే మనిషి తినాలి. దీనివల్ల అవ్వకు ఎన్నడూ ఇబ్బంది రాలేదు. ఊరకుక్కలు ముద్దతో పాటు చెయ్యి కూడా తింటాయేమో అన్నంత ఆత్రంగా తినేవి. ఆ ఆదివారం మాత్రం అవ్వ ముద్ద కలుపుకుని మోతీ ముందుకు నడిచింది.

"అవ్వా, దానికి ఎందుకు? గేటు బయట ఎర్రకుక్క తోక ఊపుతుంది సూడు, దానికెయ్యి," అన్నాను.

"ఇంట్ల కుక్క పస్తులుండంగ బజార్ల కుక్కకు ఎయ్యాల్నా? మల్లన్న సూస్తలేడా? ఇది తిన్నంకనే నేను తింట," అంది అవ్వ.

పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టని ముసలి ప్రాణం, అవతల ఏ తిండీ ముట్టనని పంతం పట్టిన సీమ ప్రాణం. ఇద్దరిలో ఎవరూ దిగొచ్చే రకం కాదు. కొలువు సంగతి అప్పుడు మరిచిపోయాను. అవ్వకు ఏమన్నా అయితే మా నాయనకు ఏం చెప్పాలి అని వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. బతిమాలాను, కసిరాను, చివరికి ఏడుపు మొహం పెట్టాను. అవ్వ కదలలేదు. నడుం నొప్పి మనిషి, వట్టి నేల మీద చతికిలబడి, చేతిలో ముద్ద పట్టుకుని మోతీతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏం తిన్నవ్ నాయనా మీ సాబింట్ల? ఒక్కదానివి ఓ మూలకు కూసోని పింగాణి పల్లెంల తిన్నవా? ఎవలు ముంగట కూసోకపోతె ముద్దెట్ల దిగుతది నీకు? మా మామ సచ్చిపోయిన నాడు నేను గూడ తినలే. మా అత్త ముంగట కూసోని తినిపిచ్చింది. నేను కూసున్న సూడు. నాకు ఏం పనిలేదు. నువ్వు మెల్లగ తిను."

ఇలా తన కాపురం కథంతా చెప్పింది. నాకు కూడా ఎన్నడూ చెప్పని కథలు. దీపాలు పెట్టే వేళైంది. అవ్వ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మోతీ చాలాసేపు ఆమె మొహమే చూసింది. తర్వాత లేచి, ఒళ్లు విరుచుకుని, దగ్గరికొచ్చి వేళ్ల సందుల్లో కారుతున్న మజ్జిగ నాకింది. ఆ తర్వాత ముద్ద అంచు కొరికింది. ఆ తర్వాత ముద్దంతా తిని, ఇంకా ఉందా అన్నట్టు అవ్వ ఒళ్లో తల పెట్టింది. నేను దర్వాజ పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. "ఏడుస్తవేంది, నాకింత అన్నం పెట్టు," అంది అవ్వ.

ఆ నాటి నుంచి మోతీ అవ్వ ఎదురుగా కూర్చుంటే గట్క, జొన్నరొట్టె, పప్పుచారు ఏది పెట్టినా తినేది. ఒళ్లు చేసింది. అసలు వెంట్రుకల మెరుపు మునుపటి కన్నా పెరిగిందని వాడకట్టు అంతా అన్నారు.

సాబ్ హైదరాబాదు నుంచి వచ్చి నేరుగా మా ఇంటికే వచ్చారు. చేతిలో కొత్త డబ్బా, మొహంలో దిగులు. పాత కంపెనీ బిస్కెట్లు హైదరాబాదులోనూ దొరకడం లేదట, ఈ కొత్త కంపెనీది మోతీ తింటుందో లేదోనని దారి పొడుగునా బెంగపడ్డారట. వాకిట్లోనే డబ్బా మూత తీసి ఒక బిస్కెట్ పట్టుకున్నారు. మోతీ సాబ్ చుట్టూ గంతులేసింది, చేతులు నాకింది, బిస్కెట్ వాసన చూసింది, తిన్నగా వెళ్లి పొయ్యి దగ్గర అవ్వ పక్కన కూర్చుంది.

"మున్షీ, ఏం పెట్టినవ్ దీనికి?" సాబ్ గొంతు మారింది.

నేను "హుజూర్... అంటే హుజూర్..." అంటున్నాను. అవ్వ అందుకుంది. "గట్క పెట్టిన సాబూ. మీ బిస్కెట్లు మేం తిన్నం."

కొలువు పోయిందని నేను కళ్లు మూసుకున్నాను. డబ్బా మూత పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత సాబ్ మెల్లగా అడిగారు. "ఎట్లున్నయ్ అవ్వా?"

"ఉప్పు తక్కువైంది సాబూ."

సాబ్ నవ్వు వీధి చివరి దాకా వినిపించింది. నులక మంచం మీద కూలబడి, కళ్లు తుడుచుకుని, "మాకూ పెట్టు గట్క, సూద్దాం," అన్నారు. తిన్నారు కూడా. అంత పెద్ద అధికారి, మా మట్టి గోడల ఇంట్లో, ఒక పక్క మోతీ, ఒక పక్క అవ్వ. ఆ వారంలోనే నా పక్కా కొలువు హుకుం వచ్చింది. అయితే బంగళాలో వంటమనిషి ఎంత బాగా వండినా మోతీ ముట్టలేదు. వండి పెట్టేసి తన పని మీద తాను పోతాడాయె. చివరికి సాయంత్రం కాగానే చప్రాసి మోతీని మా ఇంటికి తీసుకొచ్చేవాడు. అది ముందు నడుస్తుంటే బజారు జనం దానికి సలాం చేసి, ఆ వెనక నాకూ చేసేవారు.

కొన్నాళ్లకు సాబ్‌కు బదిలీ అయింది. అవ్వ పట్టుబట్టి కామారెడ్డి స్టేషన్ దాకా వచ్చింది, మూటలో జొన్నరొట్టెలు కట్టుకుని. రైలు కదిలే ముందు కిటికీ దగ్గర నిలబడి అధికారికి ఆజ్ఞ ఇచ్చినట్టే చెప్పింది. "సాబూ, అది తినేటప్పుడు ఎవలన్న ముంగట కూసుండున్రి. ఒంటిగ ఇడిసిపెట్టకున్రి." సాబ్ టోపీ తీసి, "మంచిదవ్వా, నేనే కూసుంట," అన్నారు. ఆయన మాట నిలబెట్టుకునే మనిషే. ఇన్నేళ్లయినా ఆ రోజును, అవ్వను, ఆయనను తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు నాకు డాక్టరు అన్నం మాన్పించి గట్క తినమన్నాడు. మా కోడలు మంచి పిల్ల, పొద్దున్నే వండి, బల్ల మీద పెట్టి, మూత వేసి తన ఉద్యోగానికి వెళ్తుంది. నేను మూత తీసి వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంటాను, ఎవరైనా వచ్చి బతిమాలుతారేమోనని. ఎవరూ రారు. కాసేపు చూసి, నేనే పళ్లెం దగ్గరికి జరుపుకుని తింటాను.