టిక్కుమన్నది ఏది?

ఆ వీధిలో మెకానిక్‌ని అందరూ "టిక్కు" అనే పిలుస్తారు. పెట్రోలు పైపు కొసకి ప్లాస్టిక్ కప్లింగు ఎక్కించేటప్పుడు లోపల కొక్కెం పడి చిన్నగా టిక్కుమంటుంది. ఆ చప్పుడు వినందే ఏ బండినీ షెడ్డు దాటనివ్వడు. అతని చేతిలో మహత్తు ఉందని జనం చెప్పుకుంటారు. మహత్తూ లేదు, మన్నూ లేదు. చెవి ఉంది, అంతే. ఎక్కించాక ఒకసారి వెనక్కి లాగి చూడాలని పుస్తకాల్లో రాస్తారు. "లాగి చూడటం చెవిటివాళ్ళ పని" అని పాతికేళ్ళుగా వెక్కిరిస్తూ వచ్చాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఏడాదిగా అతని ఎడమ చెవి మొరాయిస్తోంది. ఇంట్లో ఆవిడకి కూడా చెప్పలేదు. సంగతి పొక్కితే ఇక తన దగ్గరికి బండి ఎవరు తెస్తారని భయం.

ఆ మధ్యాహ్నం ఆవిడ చెల్లెలు స్కూలు వ్యాను తోలుకొచ్చింది.

"బావా, లోపలంతా పెట్రోలు కంపు. నాలుగింటికి పిల్లల్ని ఎక్కించుకోవాలి."

బానెట్ ఎత్తితే కప్లింగు బీటలిచ్చి ఉంది. పైపులో ఒత్తిడి దింపి, రెండు రెక్కలూ నొక్కి పాతదాన్ని ఊడబెరికాడు. గొట్టం కొస తుడిచి, చుక్క ఇంజనాయిలు రాసి, కొత్తది నెట్టాడు. కుడి పక్కన మరదలు స్టూలు మీద కూర్చుని పత్రికలో గళ్ళ నుడికట్టు పూరిస్తోంది.

టిక్.

"అదీ! ఎంత ముద్దుగా పలికిందో విన్నావా? తాళం తిప్పు. స్టార్ట్ చెయ్యకు, పంపు తిరిగితే చాలు."

ఆమె వ్యానెక్కి తాళం తిప్పింది. కప్లింగు ఊడి, ఎగజిమ్మిన పెట్రోలుకి అతని చొక్కా తడిసిపోయింది. ఆమె చటుక్కున తాళం వెనక్కి తిప్పేసి దిగింది.

"టిక్కుమందిగా!" అన్నాడు బిక్కమొహం వేసి.

ఆమె తన చేతిలో పెన్ను చూసుకుంది. మాట తట్టనప్పుడల్లా దాని మీట నొక్కడం ఆమెకి అలవాటు. అతని కుడి చెవి దగ్గర నొక్కింది. టిక్.

"ఇదేనా?"

అతని మొహం వాడిపోయింది. ఆమె అనుమానంగా ఎడమ పక్కకి వెళ్ళింది.

"ఊఁ, నొక్కవేం?" అన్నాడు.

"మూడుసార్లు నొక్కాను బావా."

అతను తల దించుకున్నాడు. ఆమె జాలిపడే రకం కాదు.

"ముందు చొక్కా మార్చుకో. తర్వాత లాగు."

"లాగు తడవలేదే!"

"ఆ లాగు కాదు మహానుభావా! ఎక్కించాక వెనక్కి లాగు."

చొక్కా మార్చుకుని, ఒలికిందంతా తుడిచి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాడు. కొక్కెం పడగానే వేలి కొసల్లో సన్నగా అదిరింది. పాతికేళ్ళూ ఆ అదురు అక్కడే ఉంది. చెవి ధీమాలో వేళ్ళ మాట వినలేదు. వెనక్కి లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. రాలేదు. తాళం మూడుసార్లు తిప్పించి చుట్టూ గుడ్డ అద్ది చూస్తే పొడిగా ఉంది.

నాలుగవడానికి ఇంకా పావుగంట.

"అక్కకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తాలే. నెమ్మదిగా మాట్లాడు, పక్క షాపువాళ్ళు వింటారు."

"నెమ్మదిగా మాట్లాడితే నీకు వినపడదుగా!"

అతనికి నవ్వాగలేదు. వ్యాను కదిలింది. మలుపు దగ్గర ఆమె తల బయటపెట్టి, వీధంతా మోగేలా అరిచింది:

"బావా, లాగావా?"

"రెండుసార్లు!" అన్నాడు, అంతకంటే గట్టిగా.