రుమాలు ఎప్పుడూ వనపర్తికే

నేను బి.ఏ. పాసయ్యాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ ఏడాది దసరాకు గద్వాలలో ఈ ముక్క నన్ను పూర్తిగా చెప్పనిచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఇక్కడైనా అడ్డొచ్చేవాళ్లు ఉండరని ఆశ.

మా ఇంట్లో నాకు ముందు చదువుకున్నవాళ్లు లేరు. తాత సంతకం బొటనవేలు. నాయిన సంతకం కూడా బొటనవేలే, కాకపోతే ఆ వేలికి ఎప్పుడూ పట్టు రంగు అంటుకొని ఉండేది. అలాంటి ఇంట్లోంచి హైదరాబాదు వెళ్లి, హాస్టలు పప్పు తాగి, ఒకసారి తప్పి, మళ్లీ రాసి పాసయ్యాను. తప్పిన సంగతి దాచుకుందామనే ఉంది కానీ, కాసేపట్లో నాయిన ఎలాగూ బయటపెడతాడు. అందుకని నేనే చెప్పేశాను.

దసరాకు మూడు రోజుల ముందు రైలు దిగాను. నిజానికి రెండు వార్తలు తెచ్చాను. రెండోది బి.ఏ. కంటే గొప్పదని అప్పట్లో నా నమ్మకం.

అది అర్థం కావాలంటే మా ఫుట్‌బాల్ గురించి చెప్పాలి. ప్రతి ఏటా దసరా తెల్లారి కోట బయటి మైదానంలో గద్వాలకూ వనపర్తికీ ఆట. వనపర్తివాళ్లు రైల్లో కృష్ణ దాటి వచ్చేవాళ్లు. గెలిచిన జట్టు పెద్దకు మా ఊరివాళ్లు జరీ అంచు రుమాలు తలకు చుట్టి పంపాలి, అదీ ఆచారం. ఆ రుమాలు నేసేది మా నాయిన. అప్పటికి పదకొండు నేశాడు. పదకొండూ వనపర్తికే వెళ్లాయి. ఈమధ్య నాయిన వనపర్తి పెద్దకు ఏ రంగు నప్పుతుందో ముందే కనుక్కొని మరీ మగ్గం ఎక్కేవాడు.

గెలుపు మాట పక్కన పెట్టండి. పదకొండేళ్లలో మేం ఒక్క గోలు వేయలేదు. ఎందుకో అందరికీ తెలుసు. మా జట్టంతా నేతగాళ్లే. పొద్దంతా మగ్గం గుంటలో కూర్చొని కాళ్ల కింది పలకల్ని కుడికాలు, ఎడమకాలు, మళ్లీ కుడికాలు అంటూ తొక్కే మనుషులు. మైదానంలోనూ ఆ కాళ్లకు అదే వరస. ఒకసారి కుడికాలితో తన్నినవాడు రెండోసారి ఎడమకాలితో తన్నాల్సిందే. బంతి వచ్చి కుడికాలి దగ్గరే ఆగినా, దాని చుట్టూ తిరిగి వెళ్లి ఎడమకాలు అందించేవాడు. ఆ తిరిగేలోపు వనపర్తివాడు బంతి పట్టుకుపోయేవాడు. గట్టున కూర్చున్న మా జనం "కుడి... ఎడమ... కుడి..." అని వరస చెబుతుండేవాళ్లు. దానివల్ల మేలు మా జట్టుకా, అవతలి జట్టుకా అని ఎవరూ ఆలోచించలేదు.

జనం మాత్రం ఏటేటా పెరిగారు. బజారు మూసేవాళ్లు. సజ్జరొట్టెలు, ఉల్లికారం మూటగట్టుకొని ముసలివాళ్లను బండ్లలో కూర్చోబెట్టి తెచ్చేవాళ్లు. ఏదో గెలిచే ఊరిలాగా.

హాస్టల్లో ఒకరోజు ఈ ఆట గురించి గొప్పలు చెబుతుంటే, పక్క మంచం అతను ఎన్నిసార్లు గెలిచారని అడిగాడు. లేదన్నాను. పోనీ ఎన్ని గోల్స్ వేశారన్నాడు. అదీ లేదన్నాను. గదంతా నవ్వింది. ఆ వారమే నా ఫలితం వచ్చింది. పాసైన మనిషికి ఊరి పరువు కూడా తన బాధ్యతే అనిపిస్తుంది కదా. మంచి కాగితం కొన్నాను. మరీ మంచి ఉర్దూలో వనపర్తి జట్టు పెద్దకు ఉత్తరం రాశాను. వరసగా ఓడిపోతున్నందున గద్వాల జట్టు ఈ ఆట నుంచి గౌరవంగా తప్పుకుంటున్నదని, ఈ దసరాకు తమరు శ్రమపడి రానక్కర్లేదని. కింద నా పేరు, పేరు పక్కన బి.ఏ. ఆ రెండక్షరాలు నేను కాగితం మీద పెట్టడం అదే మొదలు. సిరా ఆరేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాను.

ఊళ్లో ఎవర్నీ అడగలేదు. ఊరిని ఉద్ధరించేవాడికి ఊరిని అడగాలని తోచదు.

ఇంటికి వచ్చేసరికి నాయిన మగ్గం మీద ఉన్నాడు. గుమ్మంలోంచే పాసయ్యానని చెప్పాను. సంతోషమేనన్నట్టు తల ఊపి, ఈ ఆకుపచ్చ అంచు ఎలా ఉందని అడిగాడు. అమ్మ దిష్టి తీసి, నీళ్లిచ్చి, జట్టులో ఒకతనికి కాలు బెణికిందని చెప్పింది. పక్కింటి పెద్దమ్మ నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, అయితే ఇప్పుడు బంతి బాగా తంతావా అంది. ఇక లాభం లేదని రెండో వార్త బయటికి తీశాను.

"నాయినా, గా రుమాలు ఇగ అక్కర్లేదు. ఆట బందు వెట్టించిన. వనపర్తికి నేనే చిట్టీ రాసిన."

మగ్గం ఆగింది. నాయిన రెండు కాళ్లూ ఒకేసారి ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు.

"పోయినేడు నువ్వు తప్పినవ్ గదరా," అన్నాడు.

"అవ్."

"మల్ల మీ కాలేజికి నేను చిట్టీ రాసిన్నా? మావోడు తప్పిండు, ఇగ పంపనని?"

నా చదువంతటిలో ఆ ప్రశ్న ఎక్కడా రాలేదు. ఏం చేశానో అప్పుడు కళ్ల ముందుకు వచ్చింది. దసరా తెల్లారి జనం మైదానంలో కూర్చుంటారు. రొట్టెల మూటలు విప్పుతారు. రైలు వస్తుంది, అందులోంచి ఎవరూ దిగరు. నాయిన ఒళ్లో పన్నెండో రుమాలు అలాగే ఉంటుంది.

"రాసినోనివి నువ్వే. పొయ్యి నువ్వే తోల్కరా," అని నాయిన మళ్లీ పలక మీద కాలు పెట్టాడు.

మర్నాడు వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి ఎడ్లబండి ఎక్కాను. దారిపొడుగునా బండి అతనికి నా బి.ఏ. గురించి చెప్పాను. ఎద్దులు శ్రద్ధగా విన్నాయి.

వనపర్తి జట్టు పెద్ద ఒక దర్జీ సాయిబు, నాయిన ఈడువాడు. అందరికీ చాచా. కుట్టుమిషన్ ముందు కూర్చొని ఉన్నాడు, తలకు మా నిరుటి రుమాలు. నేను పేరు చెప్పగానే మిషన్ సొరుగు లాగి నా ఉత్తరం తీశాడు.

"మంచిగ రాసినవ్ బేటా. నాలుగుసార్లు చదివిన. నాలుగుసార్లు పరేషాన్ అయిన."

జట్టుకు ఆ సంగతి ఇంకా చెప్పలేదట. చెబితే వాళ్లకు పండుగ రుచించదని. నిరుడు తన తమ్ముడు మా గోలు దగ్గరి మనిషిని చూసి నవ్వాడని, మాకు కోపం దానికేనేమోనని ఇన్నాళ్లూ లోలోపల కుములుతున్నాడు. అది కాదు, ఓడిపోతున్నామనే సిగ్గు అని చెప్పాను. చాచా మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఉగాదికి మేం నాగర్‌కర్నూల్ పోతం, తెల్సా? ఆడ మేమే గద్వాలోళ్లం."

ఏటేటా వెళ్తారట, ఏటేటా ఓడి వస్తారట. నాగర్‌కర్నూల్‌వాళ్లు కల్వకుర్తి పోయి ఓడి వస్తారట. కల్వకుర్తివాళ్లు ఎక్కడికి పోయి ఓడతారో మాత్రం చాచాకు తెలియదు. మరి అంత దూరం ఓడడానికి ఎందుకు పోతారని అడిగాను. బి.ఏ. వాడిని కదా, అడగకుండా ఉండలేను.

"గెల్చినోనికి ఒక్కటే ముచ్చట, గెల్చినమని. రెండు దినాలల్ల అయిపోతది. ఓడినోనికి ముచ్చట్లు ఏడాదంత ఉంటయి."

అని ఒకటి చెప్పాడు. ఒక ఉగాదికి తన జట్టు మనిషి బంతి వెంట పరుగెత్తి పరుగెత్తి, గోలు కూడా దాటిపోయి, నాగర్‌కర్నూల్‌వాళ్లు వంట చేస్తున్న డేగిస దగ్గర ఆగాడట. ఎలాగూ వచ్చాను కదా అని అక్కడే కూర్చొని తినడం మొదలుపెట్టాడట. మిగతా ఆట పదిమందితోనే ఆడారు. చెబుతూ చెబుతూ చాచా నవ్వి, కళ్లు మా రుమాలు కొసతో తుడుచుకున్నాడు. ఆ కొస మా నాయిన చేతిది.

"వస్తం. గని ఒక షరతు. చిట్టీ రాసినోడు మైదాన్ల దిగాలె."

నేను జన్మలో బంతి తన్నలేదు. కాలేజీలో ఆటగాళ్ల చొక్కాలు పట్టుకొని నిలబడేవాణ్ని. సరేనన్నాను. ఎలాగూ జట్టులో ఒక చోటు ఖాళీగా ఉంది.

పండుగ పొద్దున మా జట్టును పోగుచేసి ఉపన్యాసం ఇచ్చాను. గోడ మీద బొగ్గుతో కాళ్ల బొమ్మలు గీసి, మన ఓటమికి మూలం ఈ కుడి ఎడమల వరసేనని నిరూపించాను. మొదటి ఏటి నుంచీ ఆడుతున్న ఒకాయన అంతా విని, "తెల్సు బిడ్డా. మనం మగ్గం దిగినా కాళ్లు దిగయి," అన్నాడు. నా కాళ్లు దిగి చాలా ఏళ్లయిందని చెప్పాను.

తెల్లారి రైలు వచ్చింది. వనపర్తివాళ్లు దిగారు, మా చేతుల్లో జమ్మి ఆకు పెట్టి గుండెలకు హత్తుకున్నారు. చాచా ఉత్తరం ఊసే ఎత్తలేదు. నాయిన కూడా ఎత్తలేదు. ఇన్నాళ్లకు నేనే చెబుతున్నాను.

ఆట సగం కాకముందే మామీద మూడు గోల్స్ పడ్డాయి. జనం హాయిగా రొట్టెలు తింటున్నారు. చివర్లో ఎలాగో బంతి నా దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. కుడికాలితో ఆపాను. తలెత్తి చూస్తే వనపర్తి గోలు దగ్గరి మనిషి ఎటో వెళ్లి ఉన్నాడు. గోలు ఖాళీ. బంతి నా కుడికాలి ముందే ఉంది. అదే కాలితో ఇంకోసారి మెల్లగా నెడితే చాలు, పన్నెండేళ్ల మచ్చ పోతుంది.

గట్టు మీది జనం "ఎడమ" అన్నారు.

నేను బి.ఏ. చదివాను కానీ నా కాళ్లు చదవలేదు. చిన్నప్పుడు నాయిన పక్కన గుంటలో నేర్చుకున్నదే వాటికి తెలుసు. ఎడమకాలు విసురుగా వచ్చి నా కుడి మడమనే తన్నింది. బోర్లా పడ్డాను. బంతి కదల్లేదు. వనపర్తివాడొకడు వచ్చి, ముందు నన్ను లేపి, చొక్కా దుమ్ము దులిపి, ఆ తర్వాత బంతి తీసుకుపోయాడు.

అంత నవ్వు ఆ మైదానంలో అంతకుముందు వినలేదు. గట్టు మీద నాయిన కడుపు పట్టుకొని నవ్వుతున్నాడు. నేను పాసయ్యానని చెప్పినప్పుడు ఆ నవ్వులో పావు వంతు కూడా రాలేదు.

ఆట అయ్యాక నాయిన ఆకుపచ్చ అంచు రుమాలు చాచా తలకు చుట్టాడు. చాచా దాన్ని విప్పి, ఇంట్లో మొదటి బి.ఏ. వీడే కదా, ఈ ఏడు వీడికి ఉండనీ అంటూ నా తలమీద పెట్టాడు. నిజం చెబుతున్నాను, నేను తల వంచాను. కాస్త ఎక్కువే వంచాను.

నాయిన వచ్చి రుమాలు తీసేశాడు.

"సదువుల పాసయిండు. ఆటల తప్పిండు. రుమాలు గెల్చినోనిదే," అని తిరిగి చాచా తలకు చుట్టాడు. ముడి సర్దుతూ, "వచ్చేడు మల్ల రాస్తడు తియ్," అన్నాడు.

నా మొదటి వార్త సంగతి ఏమైందంటే, ఆ సాయంత్రం రైల్లో అది వనపర్తి వెళ్లింది. ఉగాదికి చాచా జట్టుతో పాటు నాగర్‌కర్నూల్ చేరింది. ఈ మూడు ఊళ్లలో ఇప్పటికీ ఎవరైనా తన కాలు తనకే తట్టుకొని పడితే "బి.ఏ. పాసయిండు" అంటారు. నేను ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నా అంతమందికి తెలిసేది కాదు.

మరుసటి ఏడు దసరాకు నెల ముందే చాచాకు ఉత్తరం రాశాను, మామూలు మాటల్లో, తప్పకుండా రమ్మని. గోలు వేసే కాలు కోసం వెతుకుతున్నామని. కింద బి.ఏ. అని పెట్టలేదు. వాళ్లకు తెలుసు. నాయిన మగ్గం మీంచి, ఈసారి చాచాకు నీలం అంచు నప్పుతుందేమో అడిగి రాయమన్నాడు. రాశాను.